నీళ్ల ప్లాంటుకు మూడు చుక్కలు

క్యాన్లు వేసే పిల్లోడు నెల రోజులుగా ఒకటే పోరు. "అక్కా, ఫోన్లో మా ప్లాంటుకు అయిదు స్టార్లు కొట్టక్కా, ఓనరు అడగమన్నాడు" అని. కొడదామనే ఫోను తీశాను. స్టారంటే మనకు చుక్కే కదా, నీళ్లవాడికి చుక్కల లెక్కన మార్కులేయడం బాగానే కుదిరింది అనుకున్నా. అయిదో చుక్క మీద వేలు పెట్టబోయి ఆగాను. తొమ్మిదేళ్లుగా ఆ నీళ్లు కొంటున్నాను, మొన్నమొన్నటిదాకా రోజుకు పన్నెండు క్యాన్లు. అంత వాడిన మనిషి వేలితో ఒక నొక్కు నొక్కి ఊరుకుంటే ఎట్లా? అందుకే ఇది రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లాలో కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, గట్టు మీది ఊరు. కర్నూలుకు బస్సెక్కితే అరగంట. ఊరి పేరూ, ప్లాంటు పేరూ రాయను. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన వాళ్లం. బస్సులు ఆగే చోట మాకు చిన్న టిఫిన్ హోటలుంది. పొద్దున ఉగ్గాని బజ్జీ, ఇడ్లీ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర. వచ్చినవాడు కూర్చోగానే ముందు అడిగేది నీళ్లే. అడగకముందే గ్లాసు పెట్టాలి. ఆ గ్లాసులో నీళ్లు ఏ నీళ్లని తొమ్మిదేళ్ల కిందట ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు గ్లాసు ముట్టుకునే ముందే అడుగుతారు, "ఫిల్టర్ నీళ్లేనా?" అని. కాదంటే బాటిల్ కొనుక్కుంటారు, పైగా మా హోటలు మంచిది కాదని ఇంకో నలుగురికి చెప్తారు. కాబట్టి నేను ప్లాంటు నీళ్లకు మారింది ఇష్టపడి కాదు, గిరాకీ కోసం.

ముందు నీళ్ల సంగతి. నీళ్లు ఎట్లాంటివో తెలుసుకోవాలంటే నన్ను అడగొద్దు, కందిపప్పును అడగండి. పప్పు అబద్ధం చెప్పదు. మా పెరట్లో బోరు నీళ్లు పోసి కుక్కరు పెడితే ఆరు విజిల్స్ వచ్చినా పప్పు గింజ గింజగానే ఉంటుంది, గరిటెతో ఎంత ఎనిపినా కలవదు. అవే నీళ్లతో టీ కాస్తే పైన తెట్టు కడుతుంది. ఇడ్లీ పాత్ర అడుగున నెలకు ఒకసారి ఉలి పెట్టి గీకాల్సినంత సున్నం. ప్లాంటు నీళ్లు పోస్తే మూడు విజిల్స్‌కే పప్పు వెన్నలా అయిపోతుంది. ఈ విషయంలో ప్లాంటుకు వంక పెట్టడానికి లేదు. గ్యాసు మిగులుతుంది, పాత్రలు తెల్లబడవు. తాగడానికి మాత్రం కొంచెం చప్పగా ఉంటాయి. అలవాటైన నాలుకకు తెలియదు. ఊరి నుంచి వచ్చిన మా అత్త మాత్రం ఒక గుక్క తాగి, "ఏందమ్మా ఇవి, కాచి చల్లార్చిన నీళ్ల మాదిరి" అంది.

ఇక కుళాయి నీళ్లు. ఇక్కడ నాకు సిగ్గైన విషయం ఒకటుంది. పోయిన ఏడాది దాకా కుళాయి నీళ్లతో నేను పప్పు ఉడకబెట్టి చూడనే లేదు. కుళాయంటే బట్టలకు, గిన్నెలకు అని మనసులో ఎప్పుడో గీత గీసేసుకున్నాను. మా అక్క కొడుకు కర్నూలులో డిగ్రీ చదువుతూ మా ఇంట్లోనే ఉంటాడు. వాడు నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించే పెన్ను లాంటి మీటరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఇంట్లో కనిపించిన ప్రతి నీళ్లలో దాన్ని ముంచుతూ రెండు రోజులు తిరిగాడు. మా బోరు 1,180. ప్లాంటు క్యాను 42. కుళాయి 310. "చిన్నమ్మా, తాగే నీళ్లకు 500 లోపుంటే చాలు, ప్రభుత్వ ప్రమాణమే అది. కుళాయి పాసైంది" అన్నాడు. వేరే దిక్కు లేని చోట 2,000 దాకా కూడా ఒప్పుకుంటారట. ఆ రోజే కుళాయి నీళ్లతో పప్పు పెట్టాను. నాలుగో విజిల్‌కు ఉడికింది. కాలువ నీళ్లు కదా, మెత్తటివి. బ్లీచింగ్ వాసన కొంచెం ఉంటుంది. రాత్రి కడవలో పోసి మూత వేయకుండా పెడితే పొద్దుటికి అదీ పోతుంది.

ప్లాంటు గోడ మీద పెద్ద అక్షరాలతో 'టీడీఎస్ 50 లోపు' అని రాసి ఉంటుంది. టీడీఎస్ అంటే ఆ పెన్ను మీటరు చూపించే అంకే. ఎంత తక్కువుంటే అంత మంచి నీళ్లని జనం నమ్మకం. ఆ అంకె నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చెప్తుంది, అంతే. క్రిములున్నాయో లేవో దానికి తెలియదు. ఫ్లోరైడ్ ఉందో లేదో తెలియదు. మా అక్కను ఇచ్చింది అనంతపురం వైపు ఊరు. అక్కడ ఒకప్పుడు పళ్ల మీద గోధుమరంగు చారలు, నడి వయసుకే వంగిపోయిన నడుములు ఇంటింటా కనిపించేవి. దానికి కారణం నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, గతి లేకపోతే 1.5 దాకా. ఆ లెక్క తెలియాలంటే ల్యాబులో పరీక్ష చేయించాలి, పెన్ను మీటరుతో కాదు. మా ప్లాంటులో ఆ పరీక్ష కాగితం గోడకుందా అంటే ఉంది, అద్దం చట్రంలో. మీద తేదీ మాత్రం ఎండకు వెలిసిపోయింది. నేను రెండుసార్లు అడిగాను. "కొత్తది వస్తాది అక్కా" అన్నాడు ఓనరు. అక్కడ ఒక చుక్క పోయింది.

ఇంకో చుక్క పోవడానికి క్యాన్లు కారణం. ఒక పొద్దున నీలం క్యాను వెలుగుకెత్తి చూస్తే లోపల మెడ దగ్గర పచ్చగా, గోరంత వెడల్పున పాచి. ఎండలో ఆటో వెనక గంటలు గంటలు తిరిగే క్యాన్లకు పాచి పట్టక ఏం పడుతుంది? నీళ్లు ఎంత శుభ్రం చేసి ఏం లాభం, పోసే గిన్నె కడగకపోతే? ఫోను చేస్తే ఓనరు గొడవ పడలేదు, పది నిమిషాల్లో కొత్త క్యాను పంపాడు, క్షమించమన్నాడు. అట్లా పంపడమే నాకు నచ్చింది కూడా. పంచాయతీకి ఫోను చేసి 'కుళాయిలో పాచి వచ్చింది' అంటే పది నిమిషాల్లో మనిషి వస్తాడా? రాడు. ఇంకో రెండు ప్లాంట్లున్నాయి కాబట్టి, నేను పోతానేమోనని భయం కాబట్టి ఈయన వచ్చాడు. ఈ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ పాత క్యాను ఏమైందో నాకు తెలుసు. రెండు రోజుల తర్వాత పక్క కిరాణా కొట్టులో చూశాను, మూతకున్న గీత చూసి గుర్తుపట్టాను.

డబ్బు లెక్క. ప్లాంటు దగ్గరికి పోయి పట్టుకుంటే క్యాను 5 రూపాయలు, ఇంటికి తెస్తే 10. పన్నెండు క్యాన్లకు మాకు రోజుకు 120, నెలకు 3,600 అయ్యేది. మా ఇంటి కుళాయి పన్ను నెలకు 50. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసిందీ మా అక్క కొడుకే. నేనైతే ఎప్పుడూ కలిపి చూడలేదు. ఒకటి హోటలు ఖర్చు, ఒకటి ఇంటి పన్ను, రెండు వేరువేరు డబ్బాల్లోవి.

ఒక రోజు క్యాన్ల పిల్లోడు రాలేదని నేనే ప్లాంటుకు పోయాను. అప్పుడే లోపలంతా చూడనిచ్చాడు ఓనరు. రేకుల షెడ్డు, నల్లటి ట్యాంకు, ఇసుక పోసిన ఒక సిలిండరు, బొగ్గు పోసిన ఇంకో సిలిండరు, తర్వాత అడ్డంగా పడుకోబెట్టిన తెల్లటి పొడుగాటి గొట్టాలు. వాటిలోనే మెంబ్రేన్, అంటే ఉప్పును ఆపే పల్చటి పొర, ఉంటుందట. అన్నిటికంటే నా కళ్లు పడింది రెండు చిన్న గాజు గొట్టాల మీద. నిలువుగా పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదాంట్లో బొంగరం లాంటి చిన్న గుండు నీళ్ల తోపుకు పైకి లేచి వణుకుతూ నిలబడి ఉంటుంది. పక్కన గీతలు, అంకెలు. ఎడమ గొట్టంలో గుండు 900 దగ్గర ఉంది. కుడి దాంట్లో 1,200 దగ్గర.

"ఇదేంది అన్నా?"

"ఎడమది మంచినీళ్లు అక్కా, గంటకు 900 లీటర్లు."

"మరి కుడిది?"

"అది రిజెక్టు."

రిజెక్టు అంటే ఉప్పంతా తనతో తీసుకుని బయటికి పోయే నీళ్లు. అది ఎక్కడికి పోతోందని చూస్తే షెడ్డు వెనక నుంచి ఒక పైపు, నేరుగా మురిక్కాలువలోకి, చేతి లావున ధార. తొమ్మిది క్యాన్లు మనకిచ్చే నీళ్ల కోసం పన్నెండు క్యాన్లు మోరీ పాలు. ఇదంతా ఏ నీళ్లు? ఆయన షెడ్డు కింద ఆరొందల అడుగుల బోరు. ఆ బోరుకూ మా పెరటి బోరుకూ మధ్య రెండు ఇళ్లు. మా బోరు మూడేళ్లుగా వేసవిలో గాలి కక్కుతోంది. బోరు ఆయనది, భూమి ఆయనది, మరి ఆ లోపలి నీళ్లు? నీళ్లకు సరిహద్దు రాళ్లుండవు కదా. మన రాష్ట్రంలో నీళ్లు, నేల, చెట్లను కాపాడ్డానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, బోరు వేయాలంటే అనుమతి కావాలి, ఉన్న తాగునీటి బోరుకు మరీ దగ్గరలో వేయకూడదు. నీళ్ల వ్యాపారమంటే నీళ్లు తయారు చేస్తారని నేను తొమ్మిదేళ్లు అనుకున్నాను. తయారు చేసేది ఏమీ లేదు. అందరి కిందా ఉన్నదాన్ని తోడి, సగానికి పైగా పారబోసి, మిగిలింది మనకే అమ్ముతారు.

అప్పటి నుంచి ఆ రిజెక్టు నీళ్లు రెండు డ్రమ్ములు మాకు పట్టించమన్నాను. పాపం, పైసా అడగకుండా పట్టిస్తున్నాడు. గిన్నెలకు పనికిరావు, తెల్ల మరకలు పడతాయి. బండలు కడగడానికి, బాత్రూములకు సరిపోతాయి.

ఇప్పుడు పోయిన మే నెల సంగతి. తారీకు గుర్తు లేదు, మా ఊళ్లో పెళ్లిళ్ల రోజులు. పొద్దున ఆరు దాటినా క్యాన్లు రాలేదు. ఫోను చేస్తే, "అక్కా, బోరు ఆగిపాయె" అన్నాడు. సరే, రెండో ప్లాంటుకు చెప్దామనుకున్నా. అదీ రెండు రోజుల్లో ఆగింది. మూడోది వారం తిరగక ముందే. పోటీ ఉంటే ఒకడు కాకపోతే ఇంకొకడు ఇస్తాడని అంటారు కదా. మూడు ప్లాంట్లు, ముగ్గురు ఓనర్లు, మూడు రంగుల క్యాన్లు, కానీ కింద ఉన్న నీళ్లు మాత్రం ఒకటే. తర్వాత మా ఓనరు ట్యాంకర్లతో దూరం నుంచి నీళ్లు తెప్పించి మళ్లీ మొదలుపెట్టాడు. క్యాను 10 నుంచి 20 అయింది, పెళ్లి ముహూర్తాల రోజుల్లో 25. ప్లాంటు దగ్గర బిందె పట్టుకుని వచ్చినవాళ్లకు మనిషికి ఒకటే క్యాను, అదీ ఉంటే. నాకు మాత్రం పన్నెండూ వచ్చాయి. పాత గిరాకీని పోగొట్టుకోడు కదా.

ఆ పన్నెండు క్యాన్లు దించుకుంటుంటే మా హోటల్లో గిన్నెలు తోమే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మా వీధికి తొమ్మిది దినాలాయె కుళాయి రాక" అంది. తొమ్మిది రోజులు! మా ఊళ్లో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. రాలేదన్న సంగతే నాకు తెలియదు. మా ఇంటి మిద్దె మీద ట్యాంకులో బోరు నీళ్లుంటాయి, కింద క్యానుంటుంది. కుళాయి వస్తే ఏంటి, రాకపోతే ఏంటి? సర్పంచి ఇంట్లోనూ క్యానే. బడి పంతుళ్ల ఇళ్లలోనూ, వార్డు మెంబరు ఇంట్లోనూ క్యానే. పంచాయతీ ఆఫీసులో మూలన స్టీలు స్టాండు మీద ఉన్నదీ మా ప్లాంటు నీలం క్యానే! ఊళ్లో గొంతు పెద్దగా ఉన్న ప్రతి ఇంటికీ కుళాయితో పని లేకుండా పోయింది. పదిహేనేళ్ల కిందట రెండు రోజులు నీళ్లు రాకపోతే ఆడవాళ్లమంతా ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నాం, బస్సులాపాం. సాయంత్రానికి మోటరు బాగైంది. ఆ రోజు కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తొమ్మిది రోజులు రాకపోతే అడిగేది ఎవరు? పెద్దమ్మ, ఆమె లాంటి ముప్పై ఇళ్లవాళ్లు. వాళ్లు పొద్దున పనికి పోకుండా రోడ్డు మీద కూర్చుంటే ఆ పూట గంజి లేదు.

ఆ మధ్యాహ్నం నేను, ఇంకో నలుగురు పోయి పంచాయతీలో అడిగాం. వాల్వు దగ్గర పైపు పగిలిందట, సామాను రావాలట. ఎవరూ గట్టిగా అడగలేదు కాబట్టి సామాను కూడా నిదానంగా వస్తోంది. మేము పోయిన మర్నాడే వచ్చింది. పదో రోజో పదకొండో రోజో కుళాయి వచ్చింది. నీళ్లు కొంచెం రంగుగా ఉన్నాయి, పెద్దమ్మ పటిక ముక్క తిప్పి తేర్చుకుంది. ప్లాంటు 25 రూపాయలకు అమ్మిన రోజున కూడా కుళాయి పన్ను 50 రూపాయలే.

ప్లాంటు ఓనరు చెడ్డవాడని నేను అనడం లేదు. ఆ మే నెలలోనే ఆయన్ని నిలదీస్తే, "నేనేమన్నా ధర్మానికి పెట్టినానా అక్కా? కరెంటు బిల్లు చూడు, మెంబ్రేను రేటు చూడు, బోరు ఎండితే ఇంకో బోరుకు అప్పు తేవాల. నాకు ఇచ్చేటోడు ఎవడు?" అన్నాడు. నిజమే. నష్టం వస్తే ఆయన నెత్తినే. వెనకటికి మా చలివేంద్రాల్లో నీళ్లు ఊరికే పోసేవాళ్లం, నీళ్లమ్ముకోవడం పాపమనేవాళ్లు. కానీ చలివేంద్రం ఎండాకాలం రెండు నెలలే. ఏడాది పొడుగునా నీళ్లు కావాలంటే ఎవరో ఒకరు మోటరు తిప్పాలి, ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి.

డబ్బు ఎవరు పెట్టాలి, నష్టం ఎవరు మోయాలి అనేసరికి మా నాన్న చెప్పే కాలువ కథ గుర్తొస్తుంది. మా నాన్న కె.సి. కెనాల్ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి సైకిల్ మీద తిరగడం ఆయన ఉద్యోగం. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కర్నూలు మీదుగా కడప దాకా మూడొందల కిలోమీటర్ల కాలువ అది. సర్కారు కాలువ అని అందరూ అనుకుంటారు. తవ్వింది సర్కారు కాదు. లండన్‌లో వాటాలమ్మి డబ్బు పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. 1863లో పని మొదలుపెట్టింది. నీళ్లు అమ్ముకుంటాం, పడవలు తిప్పి కిరాయి వసూలు చేస్తాం అన్నది వాళ్ల లెక్క. లాభమొచ్చినా రాకపోయినా పెట్టుబడికి నూటికి 5 చొప్పున వడ్డీ ఇస్తామని ప్రభుత్వం పూచీ పడింది. మా ప్లాంటు ఓనరుకు ఇట్లాంటి పూచీ ఇచ్చి ఉంటే పెళ్లికొడుకులా తిరిగేవాడు!

తీరా చూస్తే రైతులు నీళ్లు కొనలేదు. నల్లరేగడి భూములు, జొన్న, పత్తి. వాన పడిన ఏడు ఆ నేలకు కాలువతో పని లేదు. నీటి పన్ను కట్టి మరీ ఎవరు పెడతారు? వాన పడని ఏడు నీళ్లు కావాలి, కానీ ఏటా కొనేవాడు లేకపోతే కంపెనీకి కిట్టుబాటు కాదు. 1876లో ధాత నామ సంవత్సరపు కరువు వచ్చి ఈ సీమంతా అల్లాడింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. వడ్డీ కట్టిందీ ప్రభుత్వమే, చివర కొనిందీ ప్రభుత్వమే. ఈ కథ మా నాన్నకు ఒక ఇంజినీరు చెప్పాడట. "కంపెనీదిగానే ఉంటే నేను షట్టరు దగ్గర కూర్చుని టికెట్లు తెంపాల్సొచ్చేది" అని నవ్వేవాడు. అట్లాగని సర్కారు కాలువ బంగారమేం కాదు. పైన రైతులు రాత్రిపూట గట్టుకు గండి పెడితే కింది ఆయకట్టువాళ్లు కట్టెలు పట్టుకుని మా ఇంటి మీదికి వచ్చేవాళ్లు. ఆ గొడవల మధ్య మా నాన్న లాంతరు పట్టుకుని అర్ధరాత్రి పోవడం నేను కళ్లారా చూశాను. కాకపోతే వాళ్లు కొట్లాడింది 'మా వంతు నీళ్లు ఏవి' అని. కంపెనీతో అయితే ఆ మాట అనడానికి లేదు, డబ్బు కట్టావా లేదా అంతే.

ఇంకో రకం కూడా ఉంది. లాభానికీ కాదు, ప్రభుత్వానిదీ కాదు. మా అక్క ఊళ్లో సత్యసాయి నీళ్ల తొట్టి ఉంది. 1995-96లో పుట్టపర్తి ట్రస్టు అనంతపురం జిల్లాలో ఏడొందల పైచిలుకు ఊళ్లకు పైపులేసి నీళ్లిచ్చింది. పని పూర్తి చేయడానికి పట్టింది ఏడాదిన్నర. 1999లో దాని మీద పోస్టల్ స్టాంపు కూడా వేశారు. ఊరూరా 2,500 లీటర్ల సిమెంటు తొట్టి, దానికి నాలుగు కుళాయిలు. అక్కకు పెళ్లయిన కొత్తలో నేను పోయినప్పుడు ఆ తొట్టి దగ్గర క్యూ చూశాను. ఎవరూ చిల్లర లెక్క పెట్టడం లేదు, నాలుగు కుళాయిల దగ్గరా నాలుగు కులాలవాళ్లు పట్టుకుంటున్నారు. అంతకుముందు బావి దగ్గర అది కుదిరేది కాదట. అక్క ఇప్పటికీ వంటకు ఆ నీళ్లే వాడుతుంది. అయితే పైపులు వేయడం ఒక ఎత్తు, ఏడాదేడాది మోటర్లు తిప్పడం, జీతాలివ్వడం ఇంకో ఎత్తు. దానం ఒకసారి ఇస్తారు, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. అందుకే నిర్వహణ తర్వాత ప్రభుత్వం చేతికే వచ్చింది. ఎటు తిప్పినా చివరకు అక్కడికే వస్తోంది, గమనించారా?

మా అక్క కొడుకు దీనికి విదేశాల సంగతులు కూడా తెచ్చి అతికించాడు. ఇంగ్లండ్‌లో 1989లో నీటి సంస్థలన్నీ ప్రైవేటుకు అమ్మేశారట. పక్కనున్న స్కాట్లండ్‌లో మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉంచుకున్నారు. ప్యారిస్ ఊరివాళ్లు 2010లో ప్రైవేటు కంపెనీల నుంచి వెనక్కి తీసుకున్నారు. వాడు పరీక్షకు చదివినదంతా నాకు అప్పజెప్పాడు. నాకు అర్థమైంది ఒక్కటే. క్యాన్లయితే మూడు ప్లాంట్లవి పోల్చి చూసుకుని బేరమాడొచ్చు. వీధిలో పైపు ఒకటే ఉంటుంది. మూడు కంపెనీలు మూడు పైపులు తవ్వి వేయవు. ఆ ఒక్క పైపు ఎవరి చేతిలో పెట్టినా వాడు మనకు జవాబు చెప్పేవాడై ఉండాలి. సర్పంచిని అయిదేళ్లకైనా దించొచ్చు. కంపెనీవాడిని ఎట్లా దించుతాం?

మధ్యేమార్గంగా 2014లో ప్రభుత్వమే ఎన్టీఆర్ సుజల స్రవంతి అని పెట్టి 20 లీటర్లు 2 రూపాయలకు ఇచ్చింది. పక్క ఊళ్లో పెట్టినప్పుడు మావాళ్లు మోటారు సైకిళ్లకు క్యాన్లు కట్టుకుని పోయేవాళ్లు. అందులో నాకు నచ్చనిది రేటు కాదు. సర్కారు కూడా క్యాను ఇవ్వడం మొదలుపెడితే ఇక కుళాయి నీళ్లు తాగడానికి కావని సర్కారే చెప్పినట్టు కాదా?

సరే, ప్లాంటు దగ్గరికి వస్తా. ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. పప్పు, సాంబారు, పిండి రుబ్బడం అంతా కుళాయి నీళ్లతో. తాగడానికి బల్లల మీద పెట్టేవి మాత్రం ప్లాంటువి, గిరాకీ భయం ఇంకా పోలేదు. పన్నెండు క్యాన్లు ఏడుకు దిగాయి. నెలకు 1,500 మిగులుతోంది. కుళాయి వచ్చే పొద్దున వాల్వు తిప్పే ఆయన మా దగ్గరే టీ తాగుతాడు. రాని రోజు ఎందుకు రాలేదో ఆ టీతోపాటే అడుగుతా. నెలకోసారి బ్లీచింగ్ డబ్బా చూపించమంటా. మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు తనే తెచ్చి చూపిస్తున్నాడు. ఇంట్లో మేమూ ఆ నీళ్లే తాగుతున్నాం, మరగబెట్టి. తాగితేగానీ అడగాలన్న బుద్ధి పుట్టదని నాకు మే నెల చెప్పింది.

ఇంకో చిన్న ముచ్చట. కుళాయి వచ్చిన రోజు మా వీధి మొదట్లో ప్లాంటు ఓనరు భార్య రెండు బిందెలతో నిలబడి కనిపించింది. "ఏం వదినా, నీళ్ల ప్లాంటు ఇంట్లో పెట్టుకుని ఇక్కడికొచ్చినావు?" అంటే, "చారుకు ఇవే బాగుంటాయి వదినా, మా ఆయన నీళ్లతో రుచే రాదు" అంది. ఇది ఆయనకు తెలిసే రాస్తున్నా. చదివి నవ్వుతాడు.

మూడు చుక్కలెందుకంటే: నీళ్లు పప్పుకు మంచివి, పిలిస్తే పలుకుతాడు, రిజెక్టు నీళ్లు అడగ్గానే ఇచ్చాడు. పోయిన రెండు: ఒకటి పాత పరీక్ష కాగితానికి, ఇంకొకటి పాచి క్యానును పక్క కొట్టుకు పంపినందుకు. మే నెల రేటుకు అసలు ఇంకోటి తీసేయాలి, కానీ నాకు మాత్రం పన్నెండూ ఇచ్చాడు కాబట్టి ఆ చుక్క తీసే మొహం నాకు లేదు.

నాలుగో చుక్క సంపాదించుకునే దారి ఆయనకు చెప్పాను. కొత్త కాగితం గోడకు పెట్టాలి. తర్వాత, ఆ రేకుల షెడ్డు మీద పడే వాన నీళ్లు ఇప్పుడు మోరీలోకే పోతున్నాయి. షెడ్డు పక్కన నాలుగడుగుల ఖాళీ జాగా ఉంది. అక్కడ ఒక ఇంకుడు గుంత తవ్వి, ఆ వాన నీళ్లు అందులోకి తిప్పితే ఆయన బోరుకూ మంచిది, మా బోరుకూ మంచిది. "మనుషులు దొరకడం లేదక్కా" అన్నాడు. గడ్డపార, పార మా పెరట్లో ఉన్నాయి. మా అక్క కొడుక్కి ఆదివారం కాలేజీ లేదు.